వేలి మందం తేడా

పైన ఠక్కుమని చప్పుడైంది. నిచ్చెన పక్కనున్న బొంగరం తలెత్తి చూసింది.

“ఇంకొంచెం తొయ్యండి,” అంది, తనకే నమ్మకం లేని గొంతుతో.

లారీలో వచ్చిన నలుగురూ చెక్కబొమ్మకి మళ్లీ భుజం ఆన్చి తోశారు. బొమ్మ గోడగూడు ముందు నిలబడింది గానీ లోపలికి అడుగు పెట్టలేదు. దాని తల గూటి మీదున్న ఇనుప దూలానికి అడ్డం తగులుతోంది.

“ఇంక తోస్తే దూలమన్నా ఊడాలి, బొమ్మన్నా విరగాలి, మా నడుములన్నా పోవాలి. మూడోది ముందు జరిగేట్టుంది తల్లీ,” అన్నాడు లారీ డ్రైవరు, తువ్వాలుతో మెడ తుడుచుకుంటూ. మిగతా ముగ్గురూ పక్కకి తిరిగి నవ్వుకున్నారు.

బొంగరం నవ్వలేదు. నిచ్చెన ఎక్కింది, దిగింది, మళ్లీ ఎక్కింది. దూలం కింద వేలు పెట్టి చూసింది, బొమ్మ నెత్తిన వేలు పెట్టి చూసింది. ఎంత చూసినా అదే లెక్క. బొమ్మ వేలి మందం ఎక్కువైంది.

నలభై ఆరేళ్ల మనిషికి బొంగరమన్న పేరేమిటని ఎవరైనా అడగొచ్చు. పెట్టింది వాళ్ల నాన్న. నాలుగేళ్లప్పుడు అన్నం తినమంటే ముద్దకో గదిలో తిరిగేదట. ఇప్పటికీ అంతే. ఉలి ఒకచోట పెడితే దానికోసం ఇల్లంతా తిరుగుతుంది, దొరికాక ఎందుకు వెతికానా అని మళ్లీ తిరుగుతుంది. చెక్క ముందు కూర్చున్నప్పుడు మాత్రం కాస్త కుదురొస్తుంది. ఈ మూడు నెలలూ అదీ లేదు.

ఎందుకంటే ఈ బొమ్మ మిగతా వాటిలాంటిది కాదు. ఈ హాలు ఇప్పుడు గ్రంథాలయం. పుస్తకాల అరలు, పొడవాటి బల్లలు, అద్దాల కిటికీలు. పదేళ్ల కిందట మాత్రం ఇది ఉక్కు పోతపోసే ఫౌండ్రీ. ఆ మూలగదిలో, ఇప్పుడు పిల్లల పుస్తకాలు పెట్టిన చోట, వాళ్ల నాన్న ముప్పై ఎనిమిదేళ్లు చెక్క అచ్చులు చేశాడు. పళ్లచక్రమైనా, పంపు రెక్కలైనా ముందు ఆయన చేతిలో చెక్కగా పుట్టాలి. దాన్ని ఇసుకలో పూడ్చి, ఇసుకని దట్టించి, మెల్లగా బయటికి తీస్తారు. ఇసుకలో మిగిలిన ఖాళీలోకి కరిగిన ఉక్కు పోస్తారు. ఉక్కు వస్తువు కంపెనీ ముద్ర వేయించుకుని ఊళ్లేలుతుంది. చెక్క అచ్చు అరలో పడుకుని, అవసరం తీరాక బాయిలర్లోకి పోతుంది. ముప్పై ఎనిమిదేళ్లలో ఆయన చేసినవాటిలో ఒక్కటీ మిగల్లేదు.

అందుకే ఆ హాల్లో బొమ్మ పెడతామని కబురు రాగానే బొంగరం ఎగిరి గంతేసినంత పని చేసింది. లైబ్రరీ వాళ్ల టేపుతో గూడు ఎత్తూ వెడల్పూ కొలుచుకుంది. నాన్న గురించే చెయ్యాలనుకుంది, ఆ మాట మాత్రం నాన్నకి చెప్పలేదు. చెబితే ఆయనేమంటాడో ఇరవై ఏళ్లుగా వింటూనే ఉంది. “దీన్ని ఇసుకలో పెడితే ఏమొస్తుందే?” అంటాడు. ఇంటికెవరైనా వస్తే, “మా అమ్మాయికి చెక్కతో కాలక్షేపం,” అని పరిచయం చేస్తాడు. ఆమె బొమ్మలు నాలుగు నగరాల్లో నిలబడ్డాయి, పత్రికల్లో ఫొటోలు పడ్డాయి, అయినా ఇంట్లో కాలక్షేపమే. ఒక్క ప్రదర్శనకీ ఆయన రాలేదు. ఒక్కసారి, జన్మకి ఒక్కసారి, ఆయన నోట అది పని అనిపించుకోవాలని బొంగరం ఆశ. ఆ ఆశ పైకి చెప్పుకోవడానికి కూడా ఆమెకి సిగ్గు.

రేపు పొద్దున ప్రారంభం. రేపు ఆయన వస్తానన్నాడు, తన పాత చోటు చూసుకోవడానికి.

“అడుగున కాస్త కోసేద్దామా మేడమ్?” అంది లైబ్రేరియన్, చేతిలో ఆహ్వానపత్రాల కట్ట పట్టుకుని. నెమ్మదస్తురాలు, ఎవర్నీ నొప్పించదు. “వేలి మందమేగా! ఎవరికి తెలుస్తుంది?”

“మా నాన్నకి తెలుస్తుంది,” అంది బొంగరం.

అదే అసలు భయం. అచ్చుల గదికి ఆయనే మేస్త్రి. ఆ మేస్త్రి దగ్గర కొలత తప్పడమంటే మామూలు విషయం కాదు. కింద పనిచేసేవాళ్లు వెంట్రుకవాసి తేడాతో అచ్చు తెస్తే ఆయన తిట్టేవాడు కాదు. అటూ ఇటూ తిప్పి చూసి, లేచి వెళ్లి పొయ్యిలో వేసి, మళ్లీ వచ్చి తన పనిలో కూర్చునేవాడు. తిట్టినా బాగుండేదని అందరూ ఏడ్చేవాళ్లు. అలాంటి మనిషి కూతురు మూడు నెలలు పనిచేసి కొలత తప్పింది.

“దాన్ని రెండు బల్లల మీద పడుకోబెట్టండి. నేను గంటలో వస్తాను,” అని చెప్పి బొంగరం బస్సు కోసం ఉరికింది.

*

ఇంట్లో ముందుగది ఆమె పనిచోటు. వస్తూనే చెప్పులు కూడా విప్పకుండా కాగితాలన్నీ కిందికి లాగింది. గూడు ఎత్తు రెండొందల నలభై సెంటీమీటర్లు. బొమ్మ రెండొందల ముప్పై ఏడు చాలని రాసుకుంది, కింద రెండు గీతలు కూడా గీసింది. మరి ఈ ఎత్తు ఎక్కణ్నించి వచ్చి పడింది? చెక్క ఉబ్బిందా? నిలువునా అంత ఉబ్బే చెక్క లోకంలో లేదు. లైబ్రరీ వాళ్ల టేపు తప్పా? ఆ టేపుతోనే వాళ్లు అరలన్నీ కట్టించారు. గదిలో అటు మూడడుగులు, ఇటు మూడడుగులు, కాలుగాలిన పిల్లిలా తిరిగింది.

తిరుగుతూ తిరుగుతూ కొలబద్ద దగ్గర ఆగింది.

మీటరు పొడుగు బద్ద. ఎత్తులు గుర్తుపెట్టడానికి వంగని బద్ద కావాల్సొచ్చి నాన్న పనిముట్ల పెట్టెలోంచి తీసుకుంది. అడిగి తీసుకోలేదు. అడిగితే దేనికంటాడు. ఇంకో కారణం కూడా ఉంది. నాన్న బొమ్మని నాన్న బద్దతోనే కొలవాలని ఆమెకి ముచ్చటేసింది. ఏళ్ల మురికి పట్టి ఉంటే ఉప్పుకాగితంతో రుద్ది, నూనె పట్టించి, అద్దంలా చేసుకుంది.

సొరుగులోంచి మామూలు టేపు లాగి బద్ద పక్కన పరిచింది. మొదట్లో గీతకి గీత సరిపోయింది. రెండు దగ్గర వెంట్రుకంత జరిగింది. యాభై దగ్గర చిటికెనవేలి మందం జరిగింది. బద్ద మీద మీటరు పూర్తయ్యేసరికి టేపు మీద మీటరూ రెండు సెంటీమీటర్లు.

బొంగరం నేల మీద చతికిలబడింది. భుజాలూ నడుమూ పాదాలూ అన్నీ ఆ బద్దతోనే కొలిచింది కాబట్టి బొమ్మలో బొమ్మకి తేడా రాలేదు. బయటి దూలం దగ్గరికెళ్లేదాకా తప్పు బయటపడే దారే లేదు.

“ఆ బద్ద నా పెట్టెలోంచి ఎప్పుడు తీశావే?”

గుమ్మంలో నాన్న. డెబ్బై ఆరేళ్లొచ్చినా వెన్ను వంగలేదు. చేతులే రెండేళ్లుగా మాట వినడం లేదు. కుడిచెయ్యి వణుకుతుంది, దాన్ని ఎడమచేత్తో పట్టుకుని నిలబడతాడు.

“మూడు నెలలైంది,” అంది బొంగరం. అబద్ధమాడే ఓపిక కూడా లేదు.

“చివర ఎర్రరంగు ఉండాలి. ఏది?”

“మురికనుకుని గీరేశాను.”

 ఆయన స్టూలు లాక్కుని కూర్చుని, బద్దని ఒళ్లో పెట్టుకుని, నున్నగా మెరుస్తున్న కొసని బొటనవేలితో తడిమాడు.

“ఎరుపు ఉక్కుకి. పసుపు ఇత్తడికి. ఏ రంగూ లేనిది బజారు బద్ద,” అన్నాడు. “పోసినప్పుడు ఉక్కు నిండుగా ఉంటుంది, చల్లారితే ముడుచుకుంటుంది. వందకి రెండు. అచ్చు ఆ రెండూ కలుపుకుని చెయ్యాలి. ప్రతిదానికీ లెక్కలేస్తూ కూర్చుంటే తెల్లారుతుందని బద్దలోనే కలిపేస్తారు. దీని మీద సెంటీమీటరు అబద్ధమే. చల్లారాక నిజమవుతుంది.”

“నాకెప్పుడూ చెప్పలేదు మీరు.”

“నువ్వెప్పుడూ అడగలేదు.”

“అచ్చుల గదిలోకి ఆడపిల్ల రాకూడదని గుమ్మంలోంచే తరిమేసేవారు. ఎక్కడడగను? ఉలి పట్టుకోవడం నేర్పారు, బద్ద మాత్రం ముట్టుకోనివ్వలేదు.” గొంతు లేచింది. అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకి, కానీ ఆ మంటలో సగం తన మీద తనకే. పోతపోసేవాళ్లింట్లో పుట్టి, చల్లారని చెక్కకి చల్లారే ఉక్కు కొలత పెట్టింది. ఇంతకంటే పప్పులో కాలెయ్యడం ఇంకొకటుంటుందా!

మేస్త్రి తల దించుకున్నాడు. తరిమేసిన మాట నిజమే.

“ఎంతెక్కువొచ్చింది?” అన్నాడు చివరికి.

“సెంటీమీటరూ ముప్పావు. దూలానికి తగుల్తోంది.”

“పద, చూద్దాం.”

“రేపు చూద్దురుగాని...”

“కొలత తప్పిందని తెలిశాక రేపటిదాకా కూర్చోమంటావేంటే? పద.”

*

బస్సులో బొంగరం కిటికీ పక్క కూర్చుంది, లేచి నిలబడింది, మళ్లీ కూర్చుంది. నాన్న ముందు సీటు కడ్డీ పట్టుకుని ఒక్కమాటా మాట్లాడలేదు. పొయ్యిలో వెయ్యడానికి లేచేముందు కూడా ఆయన ఇలాగే ఉండేవాడట. ఆ సంగతి గుర్తొచ్చి ఆమె మళ్లీ లేచి నిలబడింది.

హాల్లోకి వచ్చాక ఆయన తన పాత మూలగది వైపు కన్నెత్తి కూడా చూడలేదు. నేరుగా బొమ్మ దగ్గరికి వెళ్లాడు. బల్లల మీద వెల్లకిలా పడుకుని ఉంది. ముఖం లేని మనిషి. తల నుంచి అడుగుదాకా నిలువునా రెండు చెక్కలుగా చీలిన మనిషి. ఎడమసగం నిండుగా ఉంది, భుజం, పక్కటెముకలు, తొడ. కుడిసగం అదే ఆకారం, కానీ లోపలికి. దొప్పలాగా మొత్తం డొల్ల. రెంటి మధ్య అరచెయ్యి దూరేంత సందు. పైన తల దగ్గర రెండూ ఒకదానివైపు ఒకటి ఒరుగుతాయి, తాకీ తాకనట్టు ఆగిపోతాయి. అవి నిజంగా కలిసేది అడుగున ఒక్కచోటే. పాదాల కింద నాలుగు సెంటీమీటర్ల మందం అతుకు, అంతే.

మేస్త్రి కళ్లకంటే ముందు చేతులు కదిలాయి. ఎడమచేత్తో పట్టుకున్న కుడిచేతిని వదిలేసి, రెండు అరచేతులూ చెక్క మీద పెట్టాడు. పలకలు అతికించిన ప్రతి గీత దగ్గరా ఆయన వేలు ఆగింది. చెక్కలో నారల రేక ఎటు పోతోందో గోటితో చూశాడు. డొల్లలోకి మోచేతిదాకా చెయ్యి పోనిచ్చి ఒంపులన్నీ తడిమాడు. బొంగరం బల్లల చుట్టూ రెండుసార్లు తిరిగింది, ఒకసారి లైబ్రేరియన్ని గుద్దుకుంది.

“ఒక పక్క నిండు, ఒక పక్క డొల్ల. ఏంటిది?” అన్నాడు ఆయన.

“ఒక పక్క మీరు. ఇంకో పక్క మీరు ఇసుకలో వదిలేసిన చోటు.” ఒక్క గుక్కలో చెప్పేసింది. “అందరూ ఉక్కునే చూశారు. ఆ ఖాళీ ఎవరు చేశారో ఎవరూ అడగలేదు. అందుకని.”

ఆయన బొమ్మని తల నుంచి పాదాల దాకా ఒకసారి చూశాడు.

“నేనింత పొడుగు లేనే,” అన్నాడు.

లైబ్రేరియన్ ఫక్కుమంది. బొంగరం కూడా నవ్వబోయింది గానీ ఆయన ముఖం చూసి ఆగిపోయింది. ఆయన నవ్వడం లేదు.

“నీ మొదటి ప్రదర్శనకి నేను రాలేదనుకున్నావు కదూ? వచ్చాను. గేటు దాకా వచ్చాను. లోపల నీ బొమ్మ మీద దీపం వేసి పెట్టారు, జనం చేతులు కట్టుకుని చూస్తున్నారు. నేను చేసినవన్నీ బాయిలర్లో బూడిదయ్యాయి. అది తలుచుకుంటే ఒళ్లు మండిపోయింది. కన్నకూతురి మీద అసూయేంటని నన్ను నేనే తిట్టుకుని వెనక్కి వెళ్లిపోయాను. తర్వాత మళ్లీ మొహం చెల్లలేదు.”

ఇరవై ఏళ్లు ఆమె తన చెక్కడంలో లోపం వెతుక్కుంది. ఎక్కడ తక్కువైందా అని ఎన్ని బొమ్మల్ని మళ్లీ మళ్లీ చెక్కిందో లెక్కలేదు. లోపం చెక్కలో లేదన్నమాట. ఆమెకి కోపం, జాలి కలిసి వచ్చాయి. 

“రంపం ఇలా తే,” అన్నాడు మేస్త్రి.

“నేను కోస్తాను నాన్నా.”

“తే అన్నాను. తల కోస్తే పైసందు వెడల్పవుతుంది, బొమ్మ చెడుతుంది. అడుగునే కొయ్యాలి. రెండున్నర కోస్తే ఒకటిన్నర అతుకు మిగులుతుంది, చాలు. నా బద్దతో వచ్చిన తప్పు. నేనే కోస్తా.”

బొంగరం ఆయన కుడిచేతిని చూసింది. కోత వంకరపోతే అతుకు ఊడుతుంది, అతుకు ఊడితే బొమ్మ రెండు ముక్కలవుతుంది, మూడు నెలలు మట్టిపాలవుతాయి. కాదనడానికి ఒక్కమాట చాలు. కానీ ఇరవై ఏళ్లలో ఆయన ఆమె చెక్కిన దాని మీద చెయ్యి వెయ్యడం ఇదే మొదలు. మూలమట్టం పెట్టి చుట్టూ గీత గీసి, రంపం తెచ్చి ఆయన చేతికిచ్చింది.

మొదటి పది కోతలు బాణంలా పోయాయి. ముప్పై ఎనిమిదేళ్ల అలవాటు భుజంలో ఉంది. ఆ తర్వాత మణికట్టు అదరడం మొదలైంది. ఆయన పళ్లు బిగించాడు, ఎడమచేత్తో కుడిచేతిని నొక్కాడు. రంపం గీత దాటి పక్కకి జారింది. ఆపమనాలని బొంగరం రెండుసార్లు నోరు తెరిచి మూసుకుంది. పలక తెగి కింద పడింది.

ఆయనే మూలమట్టం తీసుకుని కోసిన ముఖం మీద ఆన్చాడు. ఒకవైపు వెలుతురు చీలికలా కనిపించింది.

“వంకర,” అన్నాడు. “ముప్పావు సెంటీమీటరు వంకర.” వెంట్రుకవాసి తేడాని పొయ్యిలో పడేసిన మనిషి. రంపాన్ని బల్ల మీద పెట్టడానికి మూడుసార్లు ప్రయత్నించాడు. కళ్ల నీళ్లు గడ్డం దాకా వచ్చినా తుడుచుకోలేదు. “చేతకానివాణ్ని చేతకానివాడిలా ఉండనివ్వకుండా రంపం ఎందుకిచ్చావే నాకు?”

“మీరడిగారు కాబట్టి.”

“మేడమ్, అలాగే ఉంచేస్తే? వంకర కూడా అందంగానే...” అని లైబ్రేరియన్ మెల్లగా అనబోయింది.

“వద్దు!” తండ్రీకూతుళ్లు ఒక్కసారే అరిచారు.

“నా మీద జాలితో ఉంచకు,” అన్నాడు ఆయన కూతురితో. “సరిచెయ్యి.”

సరిచేస్తే అతుకులో మిగిలేది ముప్పావు సెంటీమీటరు. బొంగరం తన పనిముట్ల పెట్టెలోంచి చెక్కని నున్నచేసే చిత్రిక తీసింది. రేకకి అడ్డంగా కోసిన ముఖం మీద చిత్రిక పట్టడం మొండిపని, బ్లేడు ఏమాత్రం ఎక్కువ దిగినా అంచు పెళుసుగా లేచిపోతుంది. బ్లేడుని బాగా లోపలికి తీసుకుంది. అంచునుంచి మధ్యకి, ఇటునుంచి, మళ్లీ అటునుంచి. పొడిలాంటి పొట్టు రాలుతోంది. నాన్నకి కుర్చీ ఎవరో తెచ్చి వేశారు. ఆయన మోకాళ్ల మీద చేతులు పెట్టుకుని, ఆమె వేళ్లకి జానెడు దూరంలో కూర్చుని చూస్తున్నాడు. మోచెయ్యి దించమంటాడేమో, నెమ్మదిగా అంటాడేమో అని ఆమె చెవులు ఆయన మీదే ఉన్నాయి. ఆయన ఏమీ అనలేదు.

ఇంతలో తలుపులు ధడేలున తెరుచుకున్నాయి. రేపటి సభకి కుర్చీలు వేసేవాళ్లు ఆరుగురు, ఒకళ్లనొకళ్లు కేకలేసుకుంటూ, కుర్చీల దొంతర్లు నేల మీద ఈడ్చుకుంటూ సరాసరి బొమ్మ వైపు వచ్చారు. ఒక దొంతర బల్లకి తగిలింది. చిత్రిక అదిరింది.

మేస్త్రి లేచి నిలబడ్డాడు. ఫౌండ్రీలో కొలిమి హోరు మీద వినపడేలా అరిచిన గొంతు అది.

“ఆగండక్కడే! ఇక్కడ పని జరుగుతోంది, కనబట్టం లేదా? మనిషి పనిలో ఉంటే కుర్చీలేస్తారా? అది అయ్యేదాకా గుమ్మం దాటి ఒక్కరు రాకండి!”

ఆ ఆరుగురూ కుర్చీలు ఎక్కడివక్కడ వదిలేసి గుమ్మంలోకి వెళ్లిపోయారు. ఆయన మళ్లీ కూర్చుని, తనేమన్నాడో తనకే తెలియనట్టు, కోసిన ముఖం వైపు వంగి చూస్తూ ఉన్నాడు.

బొంగరం తల ఎత్తలేదు. చేతులు ఆపితే బోరున ఏడ్చేస్తానని తెలుసు. ఇంకా రెండు వెంట్రుకల ఎత్తు మిగిలి ఉంది. చిత్రికని అంచుకి ఆన్చి మళ్లీ ముందుకి తోసింది.